చేతిలోని కెమెరాకు గుర్తింపు: లినక్స్ కంప్యూటరుకు స్మార్ట్‌ఫోన్ వెబ్‌క్యామ్‌గా, మైక్రోఫోన్‌గా మారిన చరిత్ర – నెల్లూరు తీరం నేపథ్యం

వ్యాససంగ్రహం:

కోవిడ్ కాలంలో తరగతి గది తెరపైకి మారినప్పుడు చాలామంది అధ్యాపకుల కంప్యూటర్లకు పనికివచ్చే కెమెరా లేదు. చేతిలోని ఫోనులో మాత్రం మంచి కెమెరా, మంచి మైక్రోఫోన్ ఉన్నాయి. ఈ రెండింటినీ కలపడం, ముఖ్యంగా లినక్స్ కంప్యూటరుతో కలపడం, ఎలా సాధ్యమైంది? అందుకు అంతకాలం ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. దూరవిద్యా ఉపగ్రహం ఎగిరిన శ్రీహరికోట, స్మార్ట్‌ఫోన్లు తయారైన శ్రీసిటీ, రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు నమోదైన నెల్లూరు ఒకే తీరప్రాంతానికి చెందినవి కావడం వల్ల ఈ అధ్యయనానికి నెల్లూరు తీరం తగిన నేపథ్యమవుతుంది. అడ్డంకి పరికరం లేకపోవడం కాదు, ఉన్న పరికరానికి కెమెరాగా గుర్తింపు లేకపోవడం అన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: లినక్స్, స్మార్ట్‌ఫోన్, వెబ్‌క్యామ్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, నెల్లూరు తీరం, శ్రీసిటీ, ఎడ్యుశాట్, ఆన్‌లైన్ బోధన, ఛందోబోధన.

1. ప్రవేశిక:

సాంకేతిక చరిత్ర సాధారణంగా ఆవిష్కర్తల చరిత్రగా రచింపబడుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏది కనుగొన్నారు అన్నవే అందులో ముఖ్యాంశాలు. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన 'ద షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో ఈ పద్ధతిని ప్రశ్నించాడు. ఆవిష్కరణకు బదులు వాడుకను కేంద్రంగా చేసుకుంటే చరిత్ర కాలక్రమమూ, భౌగోళిక చిత్రమూ రెండూ మారిపోతాయని ఆయన వాదన. మరమ్మతు, సర్దుబాటు, పాత వస్తువును కొత్త పనికి మలచుకోవడం వంటివి అప్పుడు చరిత్రలో చోటు సంపాదించుకుంటాయి.

ఫోనును కంప్యూటరుకు కెమెరాగా తగిలించుకోవడం అటువంటి సర్దుబాటే. పైకి చూస్తే ఇది చిన్న ఉపాయం. దాని పూర్వాపరాలను పరిశీలిస్తే, ఒక వస్తువు కొన్నవారికి దానిమీద ఎంత అధికారం ఉంటుందనే ప్రశ్న బయటపడుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో నడిచేది లినక్స్ కెర్నల్. బల్లమీది కంప్యూటరులో నడిచేదీ అదే కెర్నల్ అయినప్పుడు, ఒకే మూలం కలిగిన రెండు యంత్రాలు ఒకే తీగతో కలిసి ఉండి కూడా ఒకదాని కంటిని మరొకటి కన్నుగా గుర్తించలేకపోయాయి. ఈ వైచిత్రికి కారణాలను వెతకడమే ఈ వ్యాసోద్దేశం.

2. తీరప్రాంతంలో మూడు ఘట్టాలు:

ఇక్కడ 'నెల్లూరు తీరం' అంటే కావలి నుండి తడ వరకు విస్తరించిన ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. ఈ వ్యాసంలో చర్చించే సంఘటనలలో ఎక్కువ భాగం అంతకు ముందువి.

2.1 ఉపగ్రహం – 2004:

1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్ ప్రయోగంతో శ్రీహరికోట కేంద్రం పని ప్రారంభించింది. 2004 సెప్టెంబరు 20న అక్కడి నుండే జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్01 రాకెట్ ఎడ్యుశాట్‌ను కక్ష్యలోకి చేర్చింది. విద్యావసరాల కోసమే భారతదేశం ప్రత్యేకించి నిర్మించిన తొలి ఉపగ్రహం ఇది. దేశాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతానికి వేర్వేరు ప్రసార కిరణాలను కేటాయించడం దీని నిర్మాణంలోని విశేషం. ప్రాంతీయ భాషలలో పాఠాలు ప్రసారం చేయడానికి ఈ ఏర్పాటు వీలు కల్పించింది.

ఈ వ్యవస్థలో భూమిమీది కేంద్రాలు రెండు రకాలు. కొన్ని పాఠాన్ని స్వీకరించడానికి మాత్రమే పనికివచ్చేవి. మరికొన్ని తిరిగి ప్రశ్న పంపగలిగేవి. బోధించేవారు మాత్రం ప్రత్యేక స్టూడియోలో, నిపుణులు నడిపే కెమెరా ముందు నిలబడేవారు. అంటే దృశ్యాన్ని పంపే శక్తి సంస్థ చేతిలోనూ, చూసే అవకాశం తరగతి గదిలోనూ ఉండేవి. 2010లో ఎడ్యుశాట్ సేవాకాలం ముగిసింది. సాధారణ అధ్యాపకుడు తన ఇంటి నుండి తానే దృశ్యాన్ని పంపవలసిన అవసరం అప్పటికింకా ఏర్పడలేదు.

2.2 కర్మాగారం – 2015:

పులికాట్ సరస్సుకు పడమటి దిక్కున, చిత్తూరు, నెల్లూరు జిల్లాల సరిహద్దున ఏర్పడిన పారిశ్రామిక నగరం శ్రీసిటీ. షావోమీ సంస్థ భారతదేశంలో తయారు చేయించిన తొలి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్ ఇక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలోనే రూపొందింది. 2015 ఆగస్టు 10న విశాఖపట్టణంలో దానిని విడుదల చేశారు. ధర 6,999 రూపాయలు. వెనుకవైపు 8 మెగాపిక్సెళ్లు, ముందువైపు 2 మెగాపిక్సెళ్ల కెమెరాలు అందులో ఉన్నాయి.

ఈ అంకెలకు ప్రాధాన్యం ఉంది. ఆనాటి చాలా ల్యాప్‌టాప్‌ల మూతలో అమర్చిన కెమెరా చూపగలిగిన దృశ్యం 1280 నిలువు వరుసలు, 720 అడ్డ వరుసలు. అంటే దాదాపు 9 లక్షల 20 వేల బిందువులు. ఏడు వేల రూపాయల ఫోను వెనుక కెమెరా దానికి ఎనిమిది రెట్లకు పైగా బిందువులను నమోదు చేయగలదు. బల్లమీద ఉంచి వాడే డెస్క్‌టాప్ కంప్యూటరుకైతే కెమెరాయే ఉండదు. ఈ విధంగా 2015 నాటికే నాణ్యమైన కన్ను కంప్యూటరు నుండి ఫోనుకు తరలిపోయింది.

2.3 మహమ్మారి – 2020:

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్-19 కేసు 2020 మార్చి 12న నెల్లూరులో నమోదైంది. వారం తిరిగేసరికి, మార్చి 19 నుండి రాష్ట్రంలోని విద్యాసంస్థలు మూతపడ్డాయి. మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. పాఠశాల విద్యార్థులకు దూరదర్శన్ సప్తగిరి ఛానెల్ పాఠాలు ప్రసారం చేసింది. కళాశాలల పాఠాలు జూమ్, గూగుల్ మీట్ వంటి వేదికలకు మారాయి.

జాతీయ గణాంక సంస్థ 75వ విడత సర్వే (2017–18) ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, పట్టణ కుటుంబాలలో 23.4 శాతం మాత్రమే. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి గ్రామాలలో 14.9 శాతం, పట్టణాలలో 42 శాతం. కంప్యూటరు లేని ఇళ్లలో సైతం ఇంటర్నెట్ ఉన్నదంటే, అది ఫోను ద్వారానే వచ్చిందని అర్థం. అదే సమయంలో ప్రపంచమంతటా వెబ్‌క్యామ్‌ల కొరత ఏర్పడింది. కొనదలచినవారికి సరుకు దొరకలేదు. లాక్‌డౌన్ తొలి వారాలలో మన దేశంలో నిత్యావసరాలు కాని వస్తువులను ఆన్‌లైన్‌లో కొనే వీలు కూడా లేకపోయింది. ఉన్నదానితో పని జరుపుకోవడం తప్ప అధ్యాపకులకు మరో మార్గం కనిపించలేదు.

3. కంప్యూటరు దేనిని కెమెరా అంటుంది:

ఫోనుతోనే పాఠం చెప్పవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. చాలామంది అలాగే చెప్పారు కూడా. అయితే స్లయిడ్లు చూపిస్తూ, విద్యార్థుల ముఖాలు గమనిస్తూ, సందేశాలు చదువుతూ, మధ్యలో కాగితంమీద రాసి చూపడం అరచేతి తెరమీద కష్టం. తెర కంప్యూటరుది, కన్ను ఫోనుది అయితేనే ఈ పని సాఫీగా సాగుతుంది. కాని ఫోనును తీగతో కంప్యూటరుకు కలిపితే అది ఫైళ్లు దాచుకునే పెట్టెగా మాత్రమే కనిపించేది. దానిలో కెమెరా ఉన్న సంగతి కంప్యూటరుకు తెలియదు.

లినక్స్‌లో చాలా పరికరాలకు ఫైలు రూపంలో ఒక చిరునామా ఉంటుంది. కెమెరా తగిలిస్తే '/డెవ్/వీడియో0' అనే పేరుతో ఒక ఫైలు ప్రత్యక్షమవుతుంది. ఏ ప్రోగ్రాము అయినా ఆ ఫైలును తెరిచి దృశ్యాన్ని చదువుకుంటుంది. ఈ ఏర్పాటుకు 'వీడియో ఫర్ లినక్స్' అని పేరు. బ్రిటిష్ ప్రోగ్రామర్ అలన్ కాక్స్ 1990ల చివరలో దీని తొలి రూపాన్ని అందించాడు. 2002లో రెండవ రూపం కెర్నల్‌లో చేరింది. 2011లో మొదటి రూపాన్ని పూర్తిగా తొలగించారు.

చిరునామా విధానం ఉన్నా, తొలినాళ్లలో ఒక్కొక్క కంపెనీ వెబ్‌క్యామ్‌కు ఒక్కొక్క డ్రైవర్ అవసరమయ్యేది. తయారీదారులు లినక్స్ కోసం డ్రైవర్లు రాసేవారు కాదు. ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు మిషెల్ క్సార్ తన తీరిక వేళల్లో 200కు పైగా వెబ్‌క్యామ్‌లు లినక్స్‌లో పనిచేసేటట్లు డ్రైవర్ రాశాడు. ఆ కృషి 2008లో కెర్నల్‌లో భాగమైంది. ఈలోగా 2003లో యుఎస్‌బి ప్రమాణాల సంస్థ 'యుఎస్‌బి వీడియో క్లాస్' అనే ఉమ్మడి ఒప్పందాన్ని ప్రకటించింది. దీని ప్రకారం తయారైన ప్రతి కెమెరా ఒకే భాషలో మాట్లాడుతుంది. లారెంట్ పిన్‌చార్ట్ రాసిన ఒకే డ్రైవర్ 2008లో ఆ కెమెరాలన్నింటినీ లినక్స్‌కు పరిచయం చేసింది.

దీనినిబట్టి కంప్యూటరు దృష్టిలో కెమెరా అంటే కటకం, సంవేదకం కలిగిన వస్తువు కాదని తెలుస్తుంది. నిర్ణీత భాషలో 'నేను కెమెరాను' అని చెప్పుకోగలిగినదే కెమెరా. ఫోనుకు కటకం ఉంది. ఆ మాట చెప్పే అనుమతి దానికి లేదు.

4. మారు కెమెరా:

ఫోను ఆ మాట చెప్పలేనప్పుడు దాని తరఫున మరొకరు చెప్పాలి. ఈ ఆలోచన స్మార్ట్‌ఫోన్లు విస్తరించకముందే పుట్టింది. 2008 ప్రాంతంలో వెలువడిన 'స్మార్ట్‌క్యామ్' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, సింబియన్ ఫోను కెమెరా దృశ్యాన్ని బ్లూటూత్ ద్వారా లినక్స్ కంప్యూటరుకు చేర్చేది. ఆండ్రాయిడ్ వచ్చాక 'ఐపీ వెబ్‌క్యామ్', 'డ్రాయిడ్‌క్యామ్' అనువర్తనాలు వాడుకలోకి వచ్చాయి. మొదటిది ఫోనును ఒక చిన్న సర్వరుగా మారుస్తుంది. అదే వై-ఫైలో ఉన్న కంప్యూటరు 8080 అనే పోర్టు సంఖ్య ద్వారా దృశ్యాన్ని అందుకుంటుంది. రెండవది 4747 పోర్టు ద్వారా కాని, యుఎస్‌బి తీగ ద్వారా కాని పనిచేస్తుంది.

దృశ్యం కంప్యూటరుకు చేరినంత మాత్రాన పని పూర్తికాదు. వీడియో సమావేశ వేదిక అడిగేది కెమెరాను, నెట్‌వర్క్ చిరునామాను కాదు. ఈ ఎడాన్ని పూరించిన కెర్నల్ మాడ్యూల్ పేరు 'వీ4ఎల్2 లూప్‌బ్యాక్'. 2005–2009 మధ్య వాసిలీ లెవిన్ దీని తొలి రూపాన్ని రాయగా, 2010 నుండి ఆస్ట్రియాకు చెందిన యోహానెస్ జ్మోల్నిగ్ దానిని పోషిస్తూ వచ్చాడు. జ్మోల్నిగ్ ఎలక్ట్రానిక్ సంగీతం, ప్రత్యక్ష దృశ్యకళల రంగానికి చెందినవాడు. కళాప్రదర్శనలో ఒక ప్రోగ్రాము సృష్టించిన దృశ్యాన్ని మరొక ప్రోగ్రాముకు అందించడం వంటి అవసరాలతో పెరిగిన సాధనం, పదేళ్ల తరువాత తరగతి గదిని కాపాడింది.

ఈ మాడ్యూల్ ఒక ఉత్తుత్తి కెమెరాను సృష్టిస్తుంది. దానికి రెండు ముఖాలు. ఒక ముఖంగుండా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ప్రోగ్రాము ఫోను దృశ్యాన్ని లోపలికి పోస్తుంది. రెండవ ముఖంగుండా బ్రౌజరు దానిని మామూలు కెమెరా దృశ్యంగా చదువుకుంటుంది. రెండు చివరలూ తెరిచి ఉన్న గొట్టంతో దీనిని పోల్చవచ్చు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన చిక్కు ఎదురైంది. ఈ ఉత్తుత్తి కెమెరా నిజాయితీగా తన రెండు ముఖాల సంగతీ చెప్పేది: 'దృశ్యం ఇవ్వగలను, తీసుకోగలను' అని. క్రోమ్ బ్రౌజరు దృశ్యం ఇవ్వడం మాత్రమే తెలిసిన పరికరాన్నే కెమెరాగా అంగీకరించేది. తీసుకోవడం కూడా తెలిసినదానిని జాబితాలో చూపేదే కాదు. అందువల్ల 'ఎక్స్‌క్లూజివ్ క్యాప్స్' అనే ఐచ్ఛికాన్ని మాడ్యూల్‌లో చేర్చారు. దాని విలువను 1గా ఉంచితే, దృశ్యం లోపలికి చేరుతున్నంతసేపూ పరికరం తనను కేవలం కెమెరాగా మాత్రమే చెప్పుకుంటుంది. అధ్యాపకులు గంటలతరబడి వెతుక్కున్న పరిష్కారం చాలా సందర్భాలలో ఈ ఒక్క అంకెలోనే ఉంది. గుర్తింపే అసలు సమస్య అనడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

ఈ మాడ్యూల్ ప్రధాన కెర్నల్‌లో భాగం కాదు. కెర్నల్ కొత్త రూపం వచ్చిన ప్రతిసారీ దీనిని తిరిగి నిర్మించుకోవాలి. 'డీకేఎంఎస్' అనే ఏర్పాటు ఆ పనిని తనంతట తాను చేస్తుంది. అయితే కంప్యూటరులో 'సెక్యూర్ బూట్' రక్షణ ఉంటే, సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోనికి రానివ్వదు. నిన్నటి వరకు పనిచేసిన కెమెరా ఒక నవీకరణ తరువాత ఉదయం తరగతి వేళకు మాయం కావడానికి ఇటువంటివి కారణమయ్యేవి. స్వేచ్ఛకు వాడుకరి చెల్లించిన మూల్యం ఇది.

5. గొంతు ప్రయాణం:

దృశ్యం కొంత మసకబారినా పాఠం సాగుతుంది. గొంతు తెగిపోతే పాఠం ఆగిపోతుంది. అయినా ధ్వని గురించిన చర్చ దృశ్యచర్చ కంటె తక్కువగా జరిగింది.

లినక్స్‌లో ధ్వనిమార్గాలను నడిపే బాధ్యత చాలాకాలం పల్స్ ఆడియోది. లెన్నార్ట్ పోటరింగ్ 2004లో ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్ 2008 నాటికి ఫెడోరా, ఉబుంటు వంటి ప్రధాన పంపిణీలలో చోటు సంపాదించింది. ఫోను నుండి వచ్చిన గొంతును మైక్రోఫోన్‌గా చూపడానికి ఇందులో రెండు అంచెలు అవసరమయ్యేవి. మొదట ఎక్కడా వినిపించని ఒక ఉత్తుత్తి స్పీకరును సృష్టించి, ఫోను గొంతును అందులోకి పంపాలి. తరువాత ఆ స్పీకరు ధ్వనిని గమనించే 'మానిటర్'ను మైక్రోఫోన్‌గా ఎంచుకోవాలి. మానిటర్‌ను మైక్రోఫోన్‌గా అంగీకరించని బ్రౌజరులో దానికి మరో పేరు తొడిగి, కొత్త మైక్రోఫోన్‌గా చూపవలసి వచ్చేది. కెమెరా కథే ఇక్కడ పునరావృతమైంది.

విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ ఈ చిక్కులను చాలావరకు తగ్గించింది. ఈ కృషి మొదట దృశ్య ప్రవాహాలను ప్రోగ్రాముల మధ్య పంచుకోవడానికి మొదలై, తరువాత ధ్వనినీ కలుపుకొన్నది. 2021 ఏప్రిల్‌లో వెలువడిన ఫెడోరా 34 దీనిని ధ్వనికి ప్రధాన వ్యవస్థగా స్వీకరించింది. 2022 అక్టోబరులో ఉబుంటు 22.10 అదే బాట పట్టింది. అంటే లాక్‌డౌన్ తొలి ఏడాది అవసరం తీవ్రంగా ఉన్నప్పుడు ఈ సౌకర్యం ఇంకా సామాన్య వాడుకరికి అందలేదు.

ధ్వని విషయంలో మరో చిక్కు ప్రతిధ్వని. గొంతు ఫోనులోకి వెళ్తూ, విద్యార్థుల మాటలు ల్యాప్‌టాప్ స్పీకరు నుండి వస్తుంటే, ఆ మాటలు ఫోనులో పడి తిరిగి వారికే వినిపిస్తాయి. ఫోను ధ్వని కొంత ఆలస్యంగా చేరడం వల్ల ప్రతిధ్వనిని తొలగించే ప్రోగ్రాములు తడబడతాయి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ దీనికి సులభమైన విరుగుడు. అందువల్ల చాలా సందర్భాలలో దృశ్యానికి ఫోను, ధ్వనికి కంప్యూటరుకు తగిలించిన తీగ ఇయర్‌ఫోన్ అనే పని విభజనే ఎక్కువ నమ్మకమైన పద్ధతి.

6. తెలుగు పాఠం – ఛందస్సు ఉదాహరణగా:

తిక్కన నడయాడిన విక్రమసింహపురి పేరును 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయం ధరించింది. నెల్లూరు తీరంలో తెలుగు బోధన ఆన్‌లైన్‌కు మారడమంటే ఏమిటో ఛందస్సు పాఠం ద్వారా అర్థం చేసుకోవచ్చు.

గణవిభజన చెప్పాలంటే పద్యపాదాన్ని రాసి, ఒక్కొక్క అక్షరంమీద గురులఘువుల గుర్తులు పెట్టి, గణాల మధ్య గీతలు గీసి, యతిస్థానాన్ని చూపాలి. సిద్ధంగా ఉన్న స్లయిడు ఫలితాన్ని మాత్రమే చూపుతుంది. విభజన జరిగే క్రమం విద్యార్థి కళ్లముందు జరగాలి. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువు అవుతుందన్న సూత్రం, చేయి ఆ అక్షరంమీద ఆగి గుర్తును మార్చినప్పుడే మనసుకు పడుతుంది. ల్యాప్‌టాప్ మూతలోని కెమెరా బోధకుని ముఖాన్ని చూస్తుంది గాని కాగితాన్ని చూడలేదు. రెండు పుస్తకాల దొంతరలమీద అడ్డంగా ఉంచిన స్కేలుకు ఫోనును కట్టి, కెమెరాను కిందికి తిప్పితే కాగితమే నల్లబల్ల అవుతుంది. ఎనిమిది మెగాపిక్సెళ్ల కన్ను ఈ పనికి చాలినంత. తాళపత్ర ప్రతులను, శాసనాల నకళ్లను చూపించే పరిశోధక తరగతులకూ ఈ పద్ధతే అనుకూలం.

పద్యపఠనం ధ్వనికి పరీక్ష పెడుతుంది. సమావేశ వేదికలు మాటను నిలిపి, మిగిలినదానిని రొదగా భావించి అణచివేస్తాయి. రాగయుక్తంగా సాగదీసిన స్వరాన్ని ఈ యంత్రవివేకం కొన్నిసార్లు రొదగా లెక్కిస్తుంది. సీసపద్యం చివర దీర్ఘంగా పలికిన అచ్చు మధ్యలోనే సన్నబడి తెగిపోతుంది. రొద నివారణను ఆపివేసి, ఫోను మైక్రోఫోన్‌ను నోటికి దగ్గరగా ఉంచినప్పుడు ఈ లోపం తగ్గుతుంది. ఇటువంటి నిర్ణయం తీసుకోగలగడం వాడుకరికి యంత్రంమీద ఎంత పట్టు ఉన్నదన్నదానిమీద ఆధారపడుతుంది.

ఆ పట్టు సాధించడానికి తెలుగులో కొంత భూమిక ముందే సిద్ధమై ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'స్వేచ్ఛ' సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేసి, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. సీ-డాక్ 2007లో విడుదల చేసిన 'బాస్' లినక్స్ భారతీయ భాషలకు చోటిచ్చింది. ఐఐటీ బొంబాయి 'స్పోకెన్ ట్యుటోరియల్' పథకం లినక్స్ పాఠాలను తెలుగు గొంతుతో అందించింది. ఇవి ముఖ్యంగా తెరమీది భాషమీద దృష్టి నిలిపాయి. 2020లో ఎదురైన అవసరం తెరమీది భాషది కాదు, తెర వెనుక పరికరాల మధ్య భాషది.

7. తెరుచుకోని తలుపు (2010–2023):

ఫోను తనంతట తాను 'నేను కెమెరాను' అని చెప్పుకోవడం నిజంగా అసాధ్యమా? కాదు. ఒక లినక్స్ యంత్రం మరొక కంప్యూటరుకు యుఎస్‌బి కెమెరాగా కనిపించడానికి కావలసిన డ్రైవర్ 2010లోనే లినక్స్ కెర్నల్‌లో చేరింది. దానిని రాసిందీ లారెంట్ పిన్‌చార్టే. ఫోనులో నడిచేది లినక్స్ కెర్నలే కనుక, తయారీదారులు తలచుకుంటే ఆ తలుపు ఎన్నడో తెరుచుకొని ఉండేది.

అది జరగలేదు. 2020 ఏప్రిల్‌లో క్యానన్ సంస్థ తన కెమెరాలను వెబ్‌క్యామ్‌లుగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసినప్పుడు మొదట విండోస్‌కు, తరువాత మ్యాక్‌కు ఇచ్చింది. లినక్స్ వాడుకరులు 'జీఫోటో' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, అదే లూప్‌బ్యాక్ మాడ్యూల్‌తో తమ దారి తాము చూసుకున్నారు. 2022లో ఆపిల్ ఐఫోన్‌ను మ్యాక్‌కు కెమెరాగా కలిపే సౌకర్యాన్ని తెచ్చింది. అది ఆ సంస్థ పరికరాల మధ్యనే పనిచేస్తుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు పురోగతి క్రమంగా సాగింది. రొమెయిన్ విమోన్ 2018లో విడుదల చేసిన 'ఎస్‌సీఆర్‌సీపీవై' మొదట ఫోను తెరను కంప్యూటరులో చూపే సాధనం. 2021లో అది తన దృశ్యాన్ని లూప్‌బ్యాక్ కెమెరాకు నేరుగా పంపడం నేర్చుకున్నది. 2023లో ముందు ఫోను ధ్వనినీ, తరువాత మైక్రోఫోన్‌నూ, ఏడాది చివరలో కెమెరానూ అందించింది. కెమెరాకు ఆండ్రాయిడ్ 12, ధ్వనికి ఆండ్రాయిడ్ 11 కనీస అవసరాలు. ఫోనులో ప్రత్యేకంగా ఏ అనువర్తనమూ స్థాపించనక్కరలేదు.

2023 డిసెంబరులో గూగుల్ ఆండ్రాయిడ్ 14 నవీకరణ ద్వారా పిక్సెల్ ఫోన్లకు యుఎస్‌బి వెబ్‌క్యామ్ సౌకర్యాన్ని కల్పించింది. తీగ తగిలించి 'వెబ్‌క్యామ్' అని ఎంచుకుంటే చాలు. ప్రమాణబద్ధమైన భాషలోనే మాట్లాడుతుంది కనుక లినక్స్ దానిని వెంటనే గుర్తిస్తుంది. కెర్నల్‌లో వీలు కలిగిన 13 ఏళ్లకు, అవసరం ముంచుకొచ్చిన మూడున్నరేళ్లకు ఈ మార్పు వచ్చింది. తరగతులు అప్పటికే తిరిగి గదులలోకి చేరాయి.

8. భద్రత, ప్రకృతి విధించిన పరిమితులు:

ఈ సర్దుబాటును కీర్తించి ఊరుకోవడం చరిత్ర అనిపించుకోదు. వై-ఫై ద్వారా పంపే దృశ్యం చాలా అమరికలలో గోప్యలిపి లేకుండానే ప్రయాణిస్తుంది. సంకేతపదం పెట్టకపోతే అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఇంటిలోపలి దృశ్యాన్ని చూడగలరు. యుఎస్‌బి తీగ ఈ ప్రమాదాన్ని తొలగిస్తుంది. అయితే అందుకు తెరవవలసిన 'యుఎస్‌బి డీబగ్గింగ్' ఫోనుమీద విస్తృతమైన అధికారాన్ని కంప్యూటరుకు అప్పగిస్తుంది. పాఠం ముగియగానే దానిని మూసివేయడం అవసరం. 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ జూమ్ భద్రత గురించి హెచ్చరిక జారీ చేసింది. వేదిక భద్రత గురించి జరిగిన చర్చ, వేదికకు దృశ్యాన్ని చేర్చే దారి భద్రత గురించి అంతగా జరగలేదు.

తీరప్రాంతానికి తుపాను అదనపు పరీక్ష. 2020 నవంబరు 25 అర్ధరాత్రి వేళ పుదుచ్చేరి సమీపంలో తీరం దాటిన నివర్ తుపాను నెల్లూరు జిల్లాలో భారీ వర్షాలు కురిపించింది. విద్యుత్తు పోతే ఇంటి రూటరు ఆగిపోతుంది. వై-ఫై కెమెరా దానితోపాటే ఆగిపోతుంది. తీగ పద్ధతిలో మాత్రం ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు కెమెరా పనిచేస్తుంది. సెల్ టవర్ నిలిచి ఉంటే ఇంటర్నెట్‌ను కూడా అదే ఫోను, అదే తీగద్వారా అందించగలదు. కన్ను, చెవి, బయటి లోకానికి దారి మూడూ ఒకే పరికరంలో ఇమిడినందువల్ల బలమూ బలహీనతా కూడా అక్కడే ఉన్నాయి. ఫోను ఒకటే ఉన్న ఇంట్లో అది బోధకుని బల్లమీద ఉన్నంతసేపూ పిల్లల పాఠానికి అందదు.

9. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

● ఎడ్యుశాట్ కాలంలో దృశ్యాన్ని పంపే శక్తి సంస్థది, స్వీకరించే పాత్ర తరగతిది. 2020లో పంపవలసిన బాధ్యత ఒక్కసారిగా వ్యక్తిగతంగా అధ్యాపకునిమీద పడింది. అందుకు తగిన పరికరాన్ని మాత్రం ఏ సంస్థా ముందుగా సమకూర్చలేదు.

● పరికరం లేదనడం సరికాదు. తీరప్రాంతపు కర్మాగారం నుండి 2015లోనే వెలువడిన చవక ఫోను కెమెరా, సాధారణ ల్యాప్‌టాప్ కెమెరాను మించినది. లేనిది ఆ ఫోనును కెమెరాగా గుర్తించే ఏర్పాటు.

● ఆ ఏర్పాటును తయారీ సంస్థలకన్న ముందు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు కల్పించారు. ఒక వైద్యుడు, ఒక ఎలక్ట్రానిక్ సంగీతకారుడు వేరే అవసరాల కోసం రాసిన పంక్తులు మహమ్మారి కాలంలో ఉపయోగపడ్డాయి. ఆ పంక్తులు అందరికీ తెరిచి ఉన్నందువల్లనే అది వీలైంది.

● స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పరిష్కారం శ్రమలేనిది కాదు. నవీకరణలు, సంతకాలు, ప్రతిధ్వనులు, భద్రతా లోపాలు దానితోపాటు వచ్చాయి. ఈ శ్రమను తెలుగులో వివరించే సాంకేతిక సాహిత్యం పెరగవలసి ఉంది.

● తెలుగు కంప్యూటింగ్ చరిత్ర ఖతులు, కీబోర్డులు, అనువాదాలతో ముగిసేది కాదు. తెలుగు పాఠం విద్యార్థికి చేరిన మార్గాల చరిత్ర కూడా అందులో భాగమే.

శ్రీహరికోట నుండి ఎగిరిన ఉపగ్రహం చరిత్ర గ్రంథాలకు ఎక్కుతుంది. పుస్తకాల దొంతరల మధ్య స్కేలుకు వేలాడిన ఫోను ఏ నివేదికకూ ఎక్కదు. గురులఘువుల గుర్తులను ఆ ఏడాది విద్యార్థికి చూపినది మాత్రం ఆ ఫోనే. ఆ కాలంలో పాఠం చెప్పినవారు తమ అమరికలను, విఫలమైన ప్రయత్నాలతో సహా, నమోదు చేసి ఉంచితే రేపటి విద్యాచరిత్రకారునికి అవి ప్రాథమిక ఆధారాలవుతాయి.